వంగు పరికరం: ఒకటి

అయ్యా,

తమరు పంపిన మెమో అందింది. గాదెలపర్రు గ్రామ స్టాకు రిజిస్టరు పద్నాలుగో పేజీలో వరుస సంఖ్య తొమ్మిది కింద నమోదైన ప్రభుత్వ వస్తువును పైఅధికారుల అనుమతి లేకుండా ఏల కొట్టివేసితిరో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను అన్నారు. ఇస్తున్నాను. రాత వంకరగా ఉంటే మన్నించాలి. నా మెడ కిందికి వంగదు గనక కాగితాన్ని గోడకి అంటించి నిలబడి రాస్తున్నాను. గోడ మీద రాస్తుంటే పెన్నులోంచి సిరా దిగడం లేదు. అందుకని పెన్సిలు వాడాను.

నా పేరు చక్రధరరావు. మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా అంతట నేను ఒక్క అక్షరం కొట్టేసిన వాణ్ణి కాను. పైనుంచి కొట్టెయ్యమంటే కొట్టేశాను, మళ్లీ రాయమంటే రాశాను. అలాంటి మనిషికి ఈ బుద్ధి ఎందుకు పుట్టిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా మండలం జిల్లాలో దేనిలోనూ ముందు లేదు. మొక్కలు నాటమంటే నాటాం, మేకలు తిన్నాయి. దోమలకి పొగ పెట్టమంటే పెట్టాం, అవి పక్క మండలానికి వెళ్లి పొగ తగ్గాక తిరిగొచ్చాయి. సమీక్షా సమావేశంలో మా పేరు చదవగానే మిగతా మండలాల వాళ్లు టీ తాగడానికి లేచేవారు. అలాంటి రోజుల్లో నిటారు మిషన్ వచ్చింది. మెడనొప్పి, నడుంనొప్పి లేని గ్రామాలు తయారుచేయడం దాని ఆశయం. ఆశయం మంచిదే. కాకపోతే నొప్పి పోయిందని పైవాళ్లకి చూపించడం ఎలాగన్నది ఎవరికీ తోచలేదు.

తోచింది మా ప్రత్యేకాధికారి దివాకరవర్మగారికి. ఆయన లేచి, గొంతు సవరించుకుని ఇలా సెలవిచ్చారు: "నొప్పికి యూనిట్ లేదు. యూనిట్ లేనిది ప్రగతి నివేదికలో ఏ గడిలోనూ కూర్చోదు. వెన్నెముకలో బిగించే స్క్రూకి యూనిట్ ఉంది. ఒక స్క్రూ అంటే ఒక స్క్రూయే. కావున ఇకమీదట ప్రగతిని స్క్రూలలో కొలవడమైనది."

మేం చప్పట్లు కొట్టాం. ఆపరేషన్లు చేయాల్సిన డాక్టర్ కిరీటిగారు మాత్రం కొట్టలేదు. ఆయన చిన్నవాడు, కొత్తగా వచ్చినవాడు.

"సార్, ఒక మాట. వెన్నులో రెండెముకలు పట్టు తప్పి జారుతూ, కాళ్లు తిమ్మిరెక్కుతూ, మందులకీ వ్యాయామానికీ లొంగనప్పుడు ఆ రెంటినీ స్క్రూలతో, కడ్డీలతో బిగించి ఒకటిగా అతుక్కునేలా చేస్తాం. ఆ తరవాత అక్కడ కదలిక ఉండదు. ఇది నూటికి ఒకరిద్దరికి కావాల్సి వస్తుంది. చివరి మార్గమండీ ఇది."

"చివరి మార్గం ఉందని తెలిసీ మొదటి మార్గాల్లో కాలయాపన చేయడం విధి నిర్వహణలో అలసత్వం కిందికి వస్తుంది, డాక్టర్. నొప్పి ఎప్పుడు వస్తుంది?"

"కదిలినప్పుడు వస్తుందండీ."

"కదలిక దేనివల్ల?"

"కీళ్లవల్ల."

"మరి కీళ్లు కదులుతూ ఉండగా నొప్పి రాదని ప్రభుత్వానికి రాతపూర్వకంగా హామీ ఇవ్వగలరా?"

డాక్టరుగారు ఇవ్వలేకపోయారు. ఎవరు మాత్రం ఇవ్వగలరు? వైద్యుల ఆమోదంతో తీర్మానించడమైనది అని మినిట్స్‌లో నేనే రాశాను.

మొదటి ఆదర్శ గ్రామంగా గాదెలపర్రుని ఎంచుకున్నాం. కాలవ కింద పల్లపు ఊరు, అంతా వరే. నాట్లు వేయడం, కలుపు తీయడం, కోత కోయడం, ఏ పనికైనా నడుం వంచాల్సిందే. సర్వే ఫారంలో ఒకటే ప్రశ్న పెట్టాం: మీకు నడుం ఎప్పుడైనా నొప్పి పుట్టిందా? పక్కన రెండు గడులు, అవును, ఇంకా పుట్టలేదు. రెండో గడిలో టిక్కు పెట్టినవాళ్లని ముందుజాగ్రత్త కేసులుగా తీసుకున్నాం. ఊళ్లో పెద్దవాళ్లు నాలుగు వందల పన్నెండు మంది. కేసులు కూడా సరిగ్గా నాలుగు వందల పన్నెండే వచ్చాయి. ఇంత కచ్చితమైన సర్వే నా సర్వీసులో చూడలేదు.

జనానికి ధైర్యం రావాలని ముందు సిబ్బందికి చేశారు. నాకు మెడ చేశారు. నా మెడనొప్పల్లా మీటింగుల్లో తల ఊపీ ఊపీ వచ్చింది. ఆపరేషన్ తరవాత జరిగిన మొదటి మీటింగులో నేను దేనికీ తల ఊపకపోయేసరికి వర్మగారు కంగారుపడి, చక్రధరరావు మౌనంగా సమ్మతించారు అని రాయించారు. ఆ మర్నాడు నడుం కూడా చేశారు. వర్మగారు మెడా నడుమూ రెండూ ఒకేసారి చేయించుకున్నారు. ఆయనలో మునుపటికీ ఇప్పటికీ మాకు తేడా తెలియలేదు.

బడి మైదానంలో షామియానా వేశారు. ఆపరేషన్ అయినవాళ్లకిచ్చే నిటారు కార్డు లేనివాళ్ల కాగితం మీద ఏ సంతకమూ పడదని దండోరా వేయించాం. నాలుగు నెలలు తిరిగేసరికి గాదెలపర్రు చూడముచ్చటగా తయారైంది. ఊరంతా పెళ్లి ఫోటోకి నిలబడ్డట్టు ఉండేది. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తంగా తిరిగేవాడు. పాపం కిరీటిగారు మాత్రం ఒక్కో ఆపరేషనూ అయ్యాక బయటికొచ్చి, చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కునేవారు. నాలుగు వందల పదకొండు పూర్తయ్యాయి. ఒకటి మిగిలింది.

ఆ ఒకటి సువార్తమ్మ. నాట్ల ముఠాకి మేస్త్రి. యాభై దాటినా ఆమె నాటు వేస్తుంటే వెనకవాళ్లు అందుకోలేరని పేరు. ముఠాలో మిగతా ఇరవై ఒక్క మందీ కార్డులు తీసుకున్నారు, ఆమె మాత్రం రానంది. నచ్చజెప్పమని నన్ను పంపారు.

తొలకరి పడి నెలైంది. నారుమడి గట్టు మీద నిలబడ్డాను. ఆమె ఎక్కడుందో నాకు కనపడలేదు. నా కళ్లకి కాలవ అవతలి తాడిచెట్లు తప్ప ఏమీ ఆనవు. మాట మాత్రం నా మోకాళ్ల దగ్గరనుంచి వచ్చింది.

"ఏందండీ గుమాస్తాగారూ, ఆకాశం కేసి చూస్తన్నారు? వాన కోసమా?"

"నీకోసమే సువార్తమ్మా. నువ్వొక్కదానివే మిగిలావు. నువ్వు సరేనంటే మన ఊరు నూటికి నూరు."

"నాకేం రోగం?"

"నడుం నొప్పి లేదూ?"

"ఎందుకు లేదండీ? ముప్పయ్యేళ్ల నించీ సాయంకాలం వస్తది, పొద్దుటికి పోద్ది. మీ స్క్రూలు పొద్దుటికి పోతయ్యా?"

నేను సర్క్యులర్‌ని తాడిచెట్లకి అడ్డంగా ఎత్తి పట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

"నా ముఠా మొత్తాన్ని నిలబెట్టేశారు. ఇయ్యాల నారు తీసేదానికి నేనొక్కదాన్నే. నేను గూడా నిలబడితే నాటేదెవరు? మీరొచ్చి గోడ మీద నాటతారా? నా నడుం ఉంటేనే నాకు కూడు. అది వంగినంత కాలం నేను ఎవర్నీ దేబిరించను."

బురదలో అడుగుల చప్పుడైంది. నా చొక్కా జేబులో ఏదో చల్లగా దిగింది. "మీ పెన్ను. ఎప్పుడో పడిపోయింది, మీకు తెలవలేదు" అంది. సంజాయిషీలో రాయకూడదేమో గాని, అప్పుడు నాకు సిగ్గేసింది.

ఆమె చెప్పినట్టే అయింది. దమ్ము చేసిన పొలాల్లో నీళ్లు నిలబడ్డాయి, గట్ల మీద నాలుగు వందల పదకొండు మందీ నిలబడ్డారు. నారు ముదురుతోంది. రైతులు వచ్చి వర్మగారి ముందు మొర పెట్టుకున్నారు. ఆయన ఏమాత్రం చలించలేదు. ఆ మాటకొస్తే చలించే వీలూ లేదు.

"రైతు భూమి దగ్గరికి వంగడమనేది పాత ఆలోచన. భూమియే రైతు దగ్గరికి లేవాలి" అని భూమట్టం ఉన్నతీకరణ ప్రణాళిక ప్రకటించారు. ప్రయోగాత్మకంగా బడిలోని బల్లలన్నీ తెప్పించి, ఆఫీసు ముందు వరసగా పేర్చి, వాటి మీద నడుమెత్తు వచ్చేదాకా మట్టి పోయించి, నీళ్లు పెట్టించారు. సందుల్లోంచి నీళ్లు కారిపోయాయి, ఆ బరువుకి బల్లలు కూర్చుండిపోయాయి. పంట రాలేదు గాని ఫోటో వచ్చింది. బడిపిల్లలు అప్పట్నుంచీ నేల మీదే కూర్చుంటున్నారు.

ఇక్కడ తమకి ఒక సందేహం రావచ్చు. పిల్లలకి ఆపరేషన్ చేయలేదు గదా, కింద పడ్డవి వాళ్ల చేత తీయించవచ్చు గదా అని. మాకూ వచ్చింది. కానీ పిల్లల చేత వంగించడం బాలకార్మిక చట్టం పరిధిలోకి వస్తుందని మెమో వచ్చింది. పక్క ఊరి కూలీలని పిలుద్దామంటే, ఆదర్శ గ్రామంలో వంగిన మనిషి కనపడితే ర్యాంకు పోతుందని ఊరి పొలిమేరలో కాపలా పెట్టారు.

అందువల్ల గాదెలపర్రులో కింద పడ్డది కిందే ఉండిపోయేది. తాళం చెవులు, గరిటెలు, కళ్లజోళ్లు, పెన్నులు, చెప్పులు. ఒకాయన పంచె జారితే ఇంటికి అలాగే నడిచి వెళ్లాడు. దీనికోసం పతన వస్తు రిజిస్టరు తెరిపించారు. ఏ వస్తువు, ఏ తేదీన, ఎవరి చేతిలోంచి, ఎంత ఎత్తునుంచి పడింది అని నాలుగు గడులు. పైకి తీసిన తేదీ అని ఐదో గడి కూడా పెడదామన్నాను. అవసరం లేదన్నారు.

కానీ జనానికి ఐదో గడి కావాలి గదా. పొద్దున లేచింది మొదలు ఊరంతా ఒకటే కేక. "సువార్తమ్మా, బిందె పడిందే!" "సువార్తమ్మత్తా, గేదె పలుపు జారిపోయింది!" "వదినా, మీ అన్నయ్య మంచం కింద పళ్లసెట్టు పడేసుకున్నాడు!" ఆమె ఒక వీధిలో వంగి లేచేలోపు ఇంకో వీధిలోంచి పిలుపు వచ్చేది. మధ్యలో కాస్త తీరిక చిక్కితే పొలానికి పోయి ఒక్కతే ఓ మడి నాటేది. విసుక్కునేది, తిట్టేది, అయినా వెళ్లేది. "అందర్నీ బొమ్మల్ని చేసి నాకు అంటగట్టారు" అనేది నాతో.

ఇంతలో జిల్లా అవార్డు కమిటీ తేదీ ఇచ్చింది. నూటికి నూరు నిటారైన గ్రామానికి జ్ఞాపిక, శాలువా. మాది నాలుగు వందల పన్నెండుకి నాలుగు వందల పదకొండు. వర్మగారు ఆమెని పిలిపించి బతిమాలారు, బెదిరించారు. ఆమె వినలేదు. అప్పుడాయన గదిలో అటు చివర్నుంచి ఇటు చివరికి నాలుగుసార్లు నడిచి నా ఎదురుగా ఆగారు.

"చక్రధరరావ్! ఈ గ్రామంలో కింద పడిన వస్తువులను పైకి తీయుటకు ప్రజలు వినియోగిస్తున్నది దేనిని?"

"సువార్తమ్మనండీ."

"వినియోగింపబడునది వ్యక్తియా, వస్తువా?"

నేను తల ఊపలేదు. మౌనంగా సమ్మతించినట్టు రాసుకున్నారు. ఆ మధ్యాహ్నం ఓటర్ల జాబితా ప్రతిలోంచి, ఆరోగ్య రిజిస్టరులోంచి ఒక పేరు తీసేశాం. స్టాకు రిజిస్టరు పద్నాలుగో పేజీలో, ఇనప బీరువా, గోడ గడియారం, కుర్చీలు, వీటి తరవాత తొమ్మిదో వరసలో నా చేత్తో నేనే రాశాను: వంగు పరికరము, ఒకటి. స్థితి: బాగున్నది. గ్రామంలో పెద్దలు నాలుగు వందల పదకొండు, నిటారు నాలుగు వందల పదకొండు. నూటికి నూరు.

కమిటీ శనివారం పదకొండు గంటలకి వస్తుందన్నారు. పదింటికల్లా పంచాయతీ ఆఫీసు కడిగించి, తోరణాలు కట్టించి, తనిఖీకి రిజిస్టర్లన్నీ బల్ల మీద సర్దుతున్నాను. చేతి కింద ఏముందో నాకు కనపడదు గదా, స్టాకు రిజిస్టరు జారి కింద పడింది. అలవాటు కొద్దీ కేకేశాను. సువార్తమ్మ వచ్చింది. నడకలో తేడా ఉన్నట్టుంది, అడుగు ఈడ్చిన చప్పుడు విన్నాను. వంగింది. ఆ తరవాత ధబ్బున చప్పుడైంది.

"సువార్తమ్మా?"

"లేవలేకపోతన్నా గుమాస్తాగారూ." మాట నేల మీదనుంచి వచ్చింది. "వారం నించీ ఎడంకాలు తిమ్మిరిగా ఉంది. ఇప్పుడసలు నా కాలే కానట్టుంది."

నా కేకలకి ఊరు వచ్చింది. ఆఫీసు నిండా జనం. ఆమె చుట్టూ అందరం నిటారుగా నిలబడ్డాం. ఆమె వంగి తీసిన వస్తువులు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఆమెని తీసే మనిషి మాత్రం ఒక్కడు లేడు. ఆడవాళ్లు ఎదర గోడ కేసి చూస్తూనే ఏడుస్తున్నారు. కన్నీళ్లు తుడుచుకుందామంటే చెంగు కిందికి వేలాడుతోంది, అది అందుకోలేకపోతున్నారు.

కిరీటిగారు అప్పటికే వేరే మండలంలో ఆపరేషన్లకి వెళ్లిపోయారు. ఫోన్ చేశాను.

"కాలు మొద్దుబారిందా? ఎముక జారి నరం మీద పడుతున్నట్టుంది. ఆలస్యం చేస్తే కాలు పడిపోవచ్చు. వెంటనే తీసుకురండి" అన్నారు. ఫోన్ పెట్టేయబోతూ మళ్లీ అన్నారు. "మీ ఊళ్లో నాలుగు వందల పదకొండు చేశానండీ, చక్రధరరావుగారూ. నిజంగా చేయాల్సింది ఇదొక్కటే అయ్యేట్టుంది."

మిషన్ అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి పలికింది. ఊరి పేరు చెప్పాను.

"సార్, మీ గ్రామంలో మిగిలిన పేషెంట్లు లేరని వస్తోంది."

"ఒకామె ఉందమ్మా, పేరు సువార్తమ్మ. కింద పడిపోయింది."

"రికార్డులో మనిషి కనపడటం లేదు సార్. పేరు కొడితే స్టాకు రిజిస్టరు పద్నాలుగు బై తొమ్మిది అని చూపిస్తోంది. వస్తువుల బండి వేరే సార్, అది మంగళవారాలు వస్తుంది. మనిషయితే రికార్డు సరిచేసి చెప్పండి, పావుగంటలో పంపిస్తాం."

జనంతోపాటు వచ్చి నిలబడ్డ వర్మగారి వైపు మొత్తంగా తిరిగాను. "సార్, ఆ వరస కొట్టేస్తే బండి వస్తుందిట."

"కొట్టివేసిన క్షణమే గ్రామం నాలుగు వందల పన్నెండు అవుతుంది. కమిటీ నాలుగింటికి వెళ్లిపోతుంది. ఆ పిమ్మట పరిశీలిద్దాం. అంతవరకు సదరు పతనాన్ని సంబంధిత రిజిస్టరులో నమోదు చేయండి."

"సార్, ఆవిడ మనిషి."

"రికార్డు ప్రకారం మాట్లాడండి. సాయంత్రం నాలుగు దాకా వస్తువుగా ఉండమనండి."

కిందనుంచి ఆమె గొంతు వచ్చింది, చాలా నెమ్మదిగా. "నాలుగు దాకానా గుమాస్తాగారూ?"

అయ్యా, నాకు సర్క్యులర్లన్నీ నోటికొచ్చు. వంగడం నిషేధం. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేయడం, మోకరిల్లడం, ఇవన్నీ వివరంగా నిషేధించారు. పడటం గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. నేను చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని, కొయ్య పడ్డట్టు, నిలువునా ముందుకి పడ్డాను.

మోచేయి విరిగింది. అది తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం నేల మీద పక్కకి దొర్లి చూస్తే, ఎదురుగా రెండడుగుల దూరంలో సువార్తమ్మ మొహం ఉంది. నెలల తరబడి ఆమె చేత అన్నీ తీయించుకున్నాను గాని, పొట్టి మనిషి కావడంతో నా చూపుకి అందేది కాదు, మొహం చూడటం అదే మొదటిసారి. చిక్కిపోయింది. పెదవి పంటితో కొరికి పట్టుకుని ఉంది. నాకు దుఃఖం ఆగలేదు.

"అమ్మయ్య, ఇప్పటికి ఇటు చూశారు" అంది.

స్టాకు రిజిస్టరు ఆమె చేతి కింద ఉంది. బల్ల కింద చూద్దును గదా, పోయాయనుకున్న నా పెన్నులు ఏడు ఉన్నాయి. ఒకటి తీసుకున్నాను. పైనుంచి వర్మగారు "చక్రధరరావ్! ఎక్కడున్నారు? ఎవరి అనుమతితో పడ్డారు?" అని అరుస్తున్నారు. ఆయన నన్ను చూడలేరు, పట్టుకోలేరు. ఇరవై ఆరేళ్లలో అంత స్వేచ్ఛగా ఎప్పుడూ రాయలేదు. తొమ్మిదో వరస అడ్డంగా కొట్టేసి పక్కన రాశాను: పొరపాటున నమోదైనది. ఈమె మనిషి. కింద సంతకం, తేదీ, సమయం. నేల మీదనుంచే ఫోన్ చేసి చెప్పాను.

బండి పద్దెనిమిది నిమిషాల్లో వచ్చింది. బయటి మండలం కుర్రాళ్లు ఇద్దరు చక్కగా నడుం వంచి ముందు ఆమెని, తరవాత నన్ను ఎత్తారు. వాళ్లు వంగుతుంటే ఊరంతా చూడాలని తాపత్రయపడింది గాని, వాళ్లు లేచాకే అందరికీ కనపడ్డారు. సరిగ్గా అప్పుడే కమిటీ కారు దిగింది. అవార్డు వేరే ఊరికి పోయింది. నా సస్పెన్షన్ ఉత్తర్వు మాత్రం నాకంటే ముందే ఆస్పత్రికి చేరింది.

కిరీటిగారు ఆమెకి రెండంటే రెండే ఎముకలు బిగించారు. "మిగతావన్నీ ఆమెవే, వాటి జోలికి ఎవర్నీ రానివ్వను" అని కేసు షీటు మీద ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టారు. కాల్లో స్పర్శ వచ్చింది. ఓపిక పడితే మళ్లీ వంగి పని చేసుకోవచ్చన్నారు. ఈ మాట విని ఊరివాళ్లు వరసగా ఆమె మంచం పక్కకొచ్చి నిలబడుతున్నారు. ఏమీ అడగరు. నిలబడతారు, కాస్సేపుండి వెళ్లిపోతారు.

ఇక మెమో చివరి పేరా. సదరు వస్తువును మూడు దినములలో యథాస్థితిలో స్టాకునకు తిరిగి జమచేయవలెనని, లేనిచో ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినట్లు భావించబడునని తమరు ఆదేశించారు. ఆదేశాన్ని శిరసావహించి నిన్న మధ్యాహ్నం వార్డుకి వెళ్లాను. ఎత్తయిన ఆస్పత్రి మంచం మీద ఆమెని కూర్చోబెట్టారు గనక ఆమె మొహం నాకు బాగా కనపడింది. మెమో మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను.

రానంది.